చీటీ ఊడిన మూట

గుణుపురంలో, పాత స్టేషన్ రోడ్డు మీద
పకోడీల కొట్టు మేడగదిలో
ఆదివారం సాయంత్రాలు మేం ఊరిని ఎక్కిస్తాం.
ఎక్కించడం నాకు పాత అలవాటే.
ముప్పై ఏళ్లు చిన్నరైలు పార్సిలాఫీసులో
చింతపండు బస్తాలూ పనసకాయలూ
నౌపడ దాకా ఎక్కించినోణ్ణి.
ఇప్పుడు ఫొటోలు, పాటలు, గొంతులు.
అప్పుడు ఇంజను రొప్పేది.
ఇప్పుడు నీలం గీత ఒకటి
తొంభై నాలుగు దగ్గర ఆగి ఆలోచిస్తుంది.
కరెంటు పోతే మళ్లీ మొదటికి.

కంప్యూటరు ముందు ఝరణ పాత్రో.
ఆ పిల్లకి తెలుగు మాటాడ్డం వచ్చు, చదవడం రాదు.
నాకు ఒడియా చదవడం వచ్చు, మాటాడితే నవ్వుతారు.
ఇద్దరం కలిస్తే ఒక గుమస్తా.

జనం పెన్‌డ్రైవుల్లో తెచ్చేవి చూడాలి:
కొత్త ఫోల్డరు, దాని కడుపులో కొత్త ఫోల్డరు రెండు,
దాని కడుపులో పెళ్లి భోజనాలూ, వంశధార వరదా,
ఎవరిదో మోకాలి ఎక్స్‌రే,
తవిటమ్మ ఊడ్పుల పాట
మూడుసార్లు, మూడు పేర్లతో.
ఒకదాన్లో మధ్యలో దగ్గుంది.
దగ్గు లేనిది ఉంచుదామంది ఝరణ.
ఆ దగ్గే తవిటమ్మ, అన్నాను.
దగ్గున్నదే ఉంచాం.

పేర్లు పెట్టడం నా వంతు.
ఐఎంజీ సున్నా నాలుగు ఒకటి ఏడు:
అలాంటిది ఖైదీకుంటుంది.
చీటీ ఊడిన మూట ఏ ఊరూ చేరదని
పార్సిలాఫీసు ఎలకలకి కూడా తెలుసు.
అందుకే రాస్తాను, ఏ ఊరు, ఏ నెల, ఎవరు తీశారు,
తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి.
సవరలో రాసేవాళ్లు మాలో లేరు.
ఆ గడి ఖాళీగా వదిలేసేవాణ్ణి.

శ్రావణంలో, ముసురులో,
పుట్టాసింగి నుంచి ఒక అమ్మాయి వచ్చింది,
సునేమి రైతా, నర్సు చదువు.
గొడుగు తలుపు బయటే పెట్టింది.
ఫోన్లో మా బొమ్మే మాకు చూపించింది.
కింద నా అక్షరాలు: గుర్తు తెలియని గిరిజన వృద్ధుడు.
"మా తాత. సుక్రు.
మా ఊళ్లో అందరికీ తెలుసు. తెలియంది మీకు."
కోపంగా అనలేదు.
అదే కష్టం.

మరో బొమ్మ, ఎర్రమట్టి గోడ మీద తెల్లటి మనుషులు,
గుర్రం, దువ్వెన, సూర్యుడు.
వర్గం దగ్గర నేను గృహాలంకరణ అని పెట్టాను.
"అలంకారం కాదు. ఇల్లు.
పోయినవాళ్లు ఉండడానికి."
ఝరణ జాబితా పైకీ కిందికీ జరిపింది.
గుళ్లున్నాయి, వంతెనలున్నాయి, కోటలున్నాయి.
ఇల్లు లేదు.
కొత్తది తెరిచాం.

ఇక ఆఖరిది, పదకొండు నిమిషాల శబ్దం.
రాత్రి, డోలు, ఒక ఆడమనిషి గొంతు
మెల్లగా వేరొకరి గొంతవడం.
ఎవరో చాటుగా పట్టింది.
మా దగ్గర ఎక్కువమంది విన్నది అదే.
"ఇది తీసేయండి. అవ్వ అడగమంది.
ఎవరు పడితే వాళ్లు నొక్కుతుంటే
వాళ్లు అలిసిపోతారంట."

ఎక్కిన సరుకు దింపరాదని
రూలు నోటిదాకా వచ్చింది.
ఒకసారి కాశీనగరంలో, బండి కదిలాక,
ఒక ముసలమ్మ తన బుట్ట దింపమని
పెట్టె పక్కనే పరిగెత్తింది.
ఏముందందులో అని నేనడగలేదు.
చిన్నరైలు కదా, మనిషి పరుగుకి అందేది.
దించేశాను.

ఇదీ దించేశాను.
నిజంగానేనా, అని యంత్రం రెండుసార్లు అడిగింది.
ఆ చోట ఒక్క వరస మిగిలింది: తేదీ, కారణం.
కారణం కింద ఏం రాయాలో తోచక
పార్సిలు రిజిస్టరులో రాసినట్టే
'సొంతదారు పట్టుకెళ్లారు' అని రాశాను.

వెళ్లబోతూ సునేమి కుర్చీ లాక్కుని
ఖాళీ గడిలో తాత పేరు కొట్టింది, సవర లిపిలో.
అక్షరాలు రాలేదు. నాలుగు డబ్బాలొచ్చాయి.
ఫాంటు లేదంది ఝరణ, సిగ్గుపడుతూ.
వచ్చే ఆదివారం తెస్తానంది సునేమి.

దీపం ఆర్పే ముందు మళ్లీ చూశాను.
నాలుగు డబ్బాలు, ప్లాట్‌ఫారం మీద దించిన మూటల్లా.
చీటీలున్నాయి వాటికి.
చదవడం రానిది నాకే.